థిన్నర్ ఎక్కడికి పోయింది? రంగుల కర్మాగారాలూ, గాలి లెక్కలూ

ఏటా జనవరి 31, జూలై 31 దగ్గరపడుతున్నాయంటే నాకు ఇంటికి వచ్చాక కూడా లీటర్లు, కిలోలే కళ్ళముందు తిరుగుతుంటాయి. అమెరికాలో ఇనుప, అల్యూమినియం విడిభాగాలకు రంగు వేసే ఒక కర్మాగారంలో పర్యావరణ నిబంధనల పని చూడటం నా ఉద్యోగం. గడిచిన ఆరు నెలల్లో మా స్ప్రే బూత్‌ల నుంచి, రంగు ఆరబెట్టే ఓవెన్ల నుంచి, రంగు కొట్టే గన్నులు కడిగే తొట్ల నుంచి ఎంత విష ద్రావకం గాలిలో కలిసిందో లెక్కగట్టి, ఆ లెక్క నిజమని బాధ్యత గల అధికారి చేత సంతకం చేయించి, ఆ తేదీలలోగా పర్యావరణ పరిరక్షణ సంస్థకు, అంటే ఈపీఏకు, పంపాలి. పన్నెండేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. ఈ నివేదికలు వట్టి కాగితాల మోత అనుకునేవాళ్ళు మా కర్మాగారంలోనూ ఉన్నారు, మన ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళ మాట తప్పని నా గట్టి నమ్మకం. రంగులు వేసే పరిశ్రమలో నివేదిక రాయడమే కాలుష్యాన్ని కొలవడం. ఆ నివేదిక సరైన ప్రశ్న అడగనిచోట చిమ్నీకి ఎన్ని యంత్రాలు తగిలించినా అసలు కొలత జరగదు.

నాకు ఈ వాసనతో పరిచయం అమెరికాలో మొదలవలేదు. మా చిన్నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసేవారు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ తీసుకెళ్ళడం నా వంతు. లప్పం పెట్టి, గీకి, ప్రైమర్ కొట్టి, ఆపైన పసుపో ఎరుపో గన్నుతో కొడుతుంటే, షెడ్డు దాటి వీధి మలుపు దాకా, రంగును పలచబరిచే థిన్నర్ వాసన వచ్చేది. ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడం తప్ప ఆయనకు మరో రక్షణ తెలియదు. రాత్రి ఇంటికి వచ్చి తలనొప్పిగా ఉందని పడుకునేవారు. ఎండలో పనిచేసిన అలసట అని మేమంతా అనుకునేవాళ్ళం. ఆ వాసనకు టోలుయీన్, జైలీన్ అని పేర్లున్నాయని, అవి ఊపిరితో లోపలికి వెళ్ళి నాడీవ్యవస్థ మీద పనిచేస్తాయని, ఆ తలనొప్పికి అవే చాలునని నాకు కాలేజీకి వెళ్ళాక గానీ తెలియలేదు.

రంగు ఆరడం అంటే ఏమిటో ముందు చెప్పుకుంటే మిగతా వాదన తేలికవుతుంది. డబ్బాలో ఉన్న పెయింటులో కొంత భాగం ఘనపదార్థం. అది లోహం మీద పొరగా మిగులుతుంది. మిగిలిన భాగం ద్రావకం. ఆ ఘనాన్ని గన్నులోంచి బయటికి మోసుకొచ్చి, పని అయ్యాక గాలిలోకి వెళ్ళిపోవడం తప్ప దానికి వేరే పని లేదు. మామూలు లారీ పెయింటు ఆరిందీ అంటే అందులోని ద్రావకం దాదాపు మొత్తం గాలిలో కలిసిందనే అర్థం. కొంత గన్ను ముక్కు దగ్గరే పోతుంది, కొంత ఓవెన్‌లోకి వెళ్ళే దారిలో పోతుంది, కొంత ఓవెన్‌లో పోతుంది, కొంత గన్ను కడిగిన గుడ్డల మీద నుంచి పోతుంది. కాబట్టి చిమ్నీ దగ్గర నిలబడి కొలిచేవాడికి కనిపించేది ఒక భాగమే. పూర్తి లెక్క స్టోరు రూములో ఉంటుంది. కొన్నది ఎంత, మిగిలింది ఎంత, వ్యర్థంగా డ్రమ్ముల్లో పంపించింది ఎంత అన్న మూడు అంకెలు తెలిస్తే, తేడా అంతా గాలిలోకి పోయినట్టే. బొగ్గు బాయిలర్ విషయంలో ఇలా చెప్పలేం. అక్కడ మండినప్పుడు కొత్త పదార్థాలు పుడతాయి, వాటిని చిమ్నీలోనే కొలవాలి. రంగుల పరిశ్రమకు మాత్రం కొనుగోలు బిల్లే కొలత పరికరం.

అమెరికా నిబంధన సరిగ్గా ఈ సూత్రం మీదే నిలబడింది. లోహపు విడిభాగాలకు రంగులు వేసే కర్మాగారాల కోసం 2004 జనవరి 2న ఈపీఏ ప్రకటించిన ప్రమాణాన్ని మా వృత్తిలో ‘క్వాడ్ ఎం’ అంటారు. ఏటా ఒకే విషపదార్థం 10 టన్నులు గానీ, అన్నీ కలిపి 25 టన్నులు గానీ వదలగల పెద్ద కర్మాగారాలకు ఇది వర్తిస్తుంది. అప్పటికే ఉన్న కర్మాగారాలకు మూడేళ్ళ గడువిచ్చి, 2007 జనవరి నుంచి దీన్ని అమలు చేశారు. సాధారణ వాడకపు రంగులకు పాత కర్మాగారాలలో పరిమితి, లీటరు ఘనపదార్థానికి 0.31 కిలోల విష ద్రావకం. లీటరు పెయింటుకు అనకుండా లీటరు ఘనానికి అన్నది ఎందుకో గమనించాలి. పెయింటును ఆధారం చేసుకుంటే, ప్రభుత్వపు విషపదార్థాల జాబితాలో లేని ద్రావకాన్ని ఎంతైనా కలిపి శాతం తగ్గినట్టు చూపించవచ్చు. ఘనాన్ని ఆధారం చేసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక పెయింటు లీటరులో 0.40 లీటర్ల ఘనం, 0.12 కిలోల విష ద్రావకం ఉన్నాయనుకుంటే, నిష్పత్తి 0.30, పరిమితికి లోపలే ఉంది. గన్నులో చిక్కగా పడుతోందని పనివాడు ఆ లీటరుకు వంద మిల్లీలీటర్ల జైలీన్ కలిపాడనుకుందాం. దాని బరువు సుమారు 0.087 కిలోలు. విష ద్రావకం 0.207 కిలోలకు చేరుతుంది, ఘనం 0.40 లీటర్ల దగ్గరే ఉంటుంది, నిష్పత్తి 0.52 దాకా లేస్తుంది. పెయింటు కంపెనీ ఇచ్చిన పత్రంలో ఏ తప్పూ లేదు, డబ్బా మీద అంటించిన అంకెలూ నిజమే. అయినా ఒక గ్లాసులో సగం పట్టేంత థిన్నర్ ఆ కర్మాగారాన్ని నిబంధన దాటించింది. రంగుల పరిశ్రమలో కాలుష్యం హద్దు దాటగలిగే చోట్లలో ఇదొకటి, కలిపే బల్ల.

నిబంధనను పాటించడానికి మూడు దారులున్నాయి. వాడే ప్రతి రంగూ పరిమితిలోపే ఉండి, థిన్నర్లలోనూ కడిగే ద్రవాలలోనూ విష ద్రావకమే లేకుండా చూసుకోవడం మొదటిది. వెనకటి పన్నెండు నెలల విష ద్రావకం మొత్తాన్ని అదే పన్నెండు నెలల ఘనం మొత్తంతో భాగించి, ఆ సగటు పరిమితి దాటకుండా ప్రతి నెలా లెక్క చూసుకోవడం రెండోది. ద్రావకపు ఆవిరిని పట్టి ఆక్సిడైజర్‌లో కాల్చివేసి, ఆ కొలిమి ఉష్ణోగ్రత మూడు గంటల సగటున పరీక్షలో తేలిన స్థాయికి తగ్గలేదని చూపించడం మూడోది. మూడింటికీ కావలసింది స్టోరు రూము లెక్కే. ఆ లెక్కల పుస్తకాలను ఐదేళ్ళు దాచాలి, మొదటి రెండేళ్ళు కర్మాగారంలోనే అందుబాటులో ఉంచాలి.

మా కర్మాగారంలో ఒక లైనును మొదటి దారిలో నడిపేవాళ్ళం. ఒక ఏడాది చలికాలంలో, ఆరు నెలల నివేదిక కోసం స్టోరు చీటీలను సరిచూస్తుంటే, ఆ లైనుకు సంబంధం లేని జైలీన్ థిన్నర్ రెండు డబ్బాలు రాత్రి షిఫ్టులో ఆ గదికి వెళ్ళినట్టు కనిపించింది. చలికి రంగు చిక్కబడితే, పని ఆగిపోకూడదని ఒక పెయింటరు పక్క విభాగం నుంచి తెచ్చుకున్నాడు. అతని తప్పు కన్నా, చలికి చిక్కబడే రంగును ఇచ్చి ఊరుకున్న మా తప్పే ఎక్కువ. రెండు డబ్బాలకు ఇంత రభస అవసరమా, అది ఎప్పుడో గాలిలో కలిసిపోయింది కదా అని పైఅధికారి ఒకరు అన్నారు. కలిసిపోయింది కాబట్టే రాయాలని నేనన్నాను. రెండు రోజుల చర్చ తర్వాత దాన్ని ఉల్లంఘనగా నివేదికలో రాశాం. రాష్ట్ర అధికారి ఫోన్ చేసి అడిగింది ఒక్కటే ప్రశ్న: ఆ డబ్బా ఆ గదిలోకి ఎలా వచ్చింది? ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో స్టోరుకు రాత్రిపూట తాళం పడింది. అంతకన్నా మేలైన మార్పు, పెయింటును గన్నులోకి వెళ్ళేముందు వెచ్చబరిచే హీటరు వచ్చింది. వెచ్చబడితే రంగు పలచబడుతుంది, థిన్నర్ అక్కర్లేదు. ఆ లైనులో ఆ తర్వాత అటువంటి చీటీ నాకు కనిపించలేదు. ఏ చిమ్నీ పరీక్షా ఆ రెండు డబ్బాలను పట్టుకునేది కాదు. పట్టుకున్నది నివేదిక రాయాల్సిన అవసరం.

అందుకే నివేదికలో ఏమేం ఉండాలన్నది చిన్న విషయం కాదు. ఏ దారిని ఎంచుకున్నారో, సగటు లెక్కగట్టే దారైతే ఆరు నెలల్లో ప్రతి నెల చివరా ఆ సగటు ఎంత తేలిందో రాయాలి. ఉల్లంఘన లేకపోతే, లేదు అన్న వాక్యాన్ని స్పష్టంగా రాసి సంతకం పెట్టాలి, మౌనం చెల్లదు. ఈ చివరి షరతు విలువ నాకు మొదట్లో అర్థం కాలేదు. ఏమీ రాయకుండా ఊరుకోవడం వేరు, ఏమీ జరగలేదని రాసి దాని కింద పేరు పెట్టడం వేరు. రెండోది చేయబోయే మనిషి ముందుగా స్టోరు చీటీలు తిరగేయమంటాడు.

ఇంకో పెద్ద మార్పు 2020 జూలై 8న వచ్చింది. అంతకు ముందు యంత్రాలు మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు, అవి చెడిపోయినప్పుడు పరిమితి వర్తించదన్న మినహాయింపు ఉండేది. ఈపీఏ మీద సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ వేసిన కేసులో 2008లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. ఆ తీర్పు మా రంగానికి చేరడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఇప్పుడు ఉల్లంఘన జరిగితే తేదీ, సమయం, ఎంతసేపు, ఎందుకు అన్నవే కాక, పరిమితికి మించి ఏ పదార్థం ఎంత గాలిలో కలిసిందో అంచనా కట్టి, ఆ అంచనాకు ఎలా వచ్చామో కూడా రాయాలి. నివేదికలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో వెళ్ళి, వెబ్‌ఫైర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకునేలా చేరతాయి. నేను రాసే పేజీని మా కర్మాగారం పక్క వీధిలో ఉండే అమ్మ కూడా చదవవచ్చునన్న ఎరుక, ప్రతి అంకె దగ్గరా నన్ను రెండోసారి ఆపుతుంది.

పొరుగువారికి తెలుసుకునే హక్కు అమెరికాకు ఎక్కడి నుంచి వచ్చిందో మన వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు లీకై వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది ఆగస్టులో అదే కంపెనీకి చెందిన వెస్ట్ వర్జీనియా కర్మాగారంలోనూ లీకు జరిగింది. ఆ రెండింటి ఒత్తిడితో 1986 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కర్మాగారాలు, జాబితాలోని రసాయనాన్ని నిర్ణీత పరిమాణం మించి వాడితే, ఏడాదిలో ఎంత గాలిలోకి, ఎంత నీటిలోకి, ఎంత నేలలోకి వదిలాయో ఏటా జూలై 1 నాటికి ప్రజలకు వెల్లడించాలన్నది అందులో ఒక భాగం. టోలుయీన్, జైలీన్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మన పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చిందీ అదే 1986లోనే, అదే భోపాల్ కారణంగానే. రెండు చట్టాలకూ మూలం ఒకే రాత్రి. కానీ అమెరికా చట్టం పొరుగువారి చేతికి లెక్క ఇచ్చింది, మన చట్టం ప్రభుత్వం చేతికి అధికారం ఇచ్చింది. చనిపోయినవాళ్ళు మనవాళ్ళు, వాళ్ళ మరణం తెచ్చిపెట్టిన హక్కును ఎక్కువగా వాడుకుంటున్నది అమెరికావాళ్ళు. ఈ మాట రాసేటప్పుడు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మన దగ్గర నివేదికే లేదని నేను అనడం లేదు. గాలి చట్టం కిందో, నీటి చట్టం కిందో కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి అవసరమైన ప్రతి పరిశ్రమా ఏటా సెప్టెంబరు 30లోగా ఫారం 5 అనే పర్యావరణ ప్రకటనను మండలికి ఇవ్వాలని 1986 నాటి నియమాలకు తర్వాత చేర్చిన 14వ నియమం చెబుతోంది. 1993 నుంచి ఈ బాధ్యత ఉంది. ఆ ఫారాన్ని తెరిచి చూస్తే నాకు ఆశే కలుగుతుంది. దాని బి భాగం ముడిపదార్థాల పేర్లు, యూనిట్ ఉత్పత్తికి వాటి వాడకం, గత ఏడాదికీ ఈ ఏడాదికీ అడుగుతుంది. ఒప్పందాల కారణంగా పేరు బయటపెట్టలేనివారు కోడ్ వాడుకోవచ్చని, మిగతావారంతా పేర్లు రాసి తీరాలని అందులోనే గమనిక ఉంది. సి భాగం గాలిలోకి, నీటిలోకి వదిలిన కాలుష్య పదార్థాలను అడుగుతుంది. పెయింటు, థిన్నర్ లీటర్లు బి భాగంలో ఉండాలి, గాలిలోకి పోయిన ద్రావకం సి భాగంలో ఉండాలి. కానీ ఒకదానిలోంచి రెండోదాన్ని లెక్కగట్టమని ఫారం ఎక్కడా చెప్పదు. అందువల్ల సి భాగంలో చిమ్నీ దగ్గర తీసిన ధూళి నమూనా అంకె వేసి ముగించినా ఫారం నిండినట్టే కనిపిస్తుంది. స్ప్రే బూత్ చిమ్నీలో ధూళి అంటే ఫిల్టరు దాటివచ్చిన రంగు పొడి. ద్రావకపు ఆవిరిని ఆ ఫిల్టరు ఆపదు, ధూళి పరీక్ష చూడదు.

చుట్టుపక్కల గాలి కొలతలైనా పట్టుకుంటాయా అంటే అదీ కష్టమే. 2009లో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాలలో పన్నెండు పదార్థాలున్నాయి. వాటిలో బెంజీన్ ఉంది గానీ టోలుయీన్ లేదు, జైలీన్ లేదు. సీసం సంగతి కూడా ఇలాగే ఉంది. పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు, పరిమితం చేసిన 2016 నాటి నియమాలు ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగులకే వర్తిస్తాయి. లారీలకు, యంత్రాలకు వేసే పారిశ్రామిక రంగులకు వర్తించవు. లారీ పసుపులో సీసం ఉందా లేదా అన్నది డబ్బా మీద నమ్మకంతో తేలాల్సిన విషయం కాకూడదు.

చిన్న యూనిట్లు ఈ భారం మోయలేవన్న అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను, ఎందుకంటే మా ఇల్లు అటువంటి యూనిట్ జీతం మీదే నడిచింది. జీడిమెట్లలోనో, బాలానగర్‌లోనో ఇరవైమందితో నడిచే పౌడర్ కోటింగ్, స్ప్రే పెయింటింగ్ షాపు యజమాని మీద క్వాడ్ ఎం తెచ్చి పెట్టమని నేను చెప్పను. అమెరికా కూడా అలా చేయలేదు. చిన్న పెయింటింగ్ షాపుల కోసం 2008 జనవరి 9న మరో ప్రమాణం వచ్చింది. మేము ‘సిక్స్ ఎచ్’ అంటాం. క్రోమియం, సీసం, మాంగనీస్, నికెల్, కాడ్మియం ఉన్న రంగులను గన్నుతో కొట్టే షాపులకు అది వర్తిస్తుంది. వాళ్ళను ఆరు నెలల లెక్కలు అడగలేదు. గోడలూ పైకప్పూ ఉన్న బూత్‌లోనే కొట్టాలి, ఫిల్టరు రంగు తుంపరలో 98 శాతం పట్టాలి, గాలి ఒత్తిడి తక్కువగా ఉండే గన్నులు వాడాలి, పెయింటరుకు ఐదేళ్ళకోసారి శిక్షణ ఇవ్వాలి. నివేదికగా మొదట ఒక ప్రకటన, నిబంధన పాటిస్తున్నామన్న ధ్రువీకరణ, ఏదైనా మారితే ఆ మరుసటి మార్చి 1లోగా ఒక పేజీ. మా చిన్నాన్న షెడ్డులో ఈ నాలుగింటిలో ఒక్కటైనా ఉండి ఉంటే ఆయన సాయంత్రాలు వేరుగా ఉండేవి.

అమెరికా పద్ధతి లోపం లేనిదని నేను చెప్పడం లేదు. లెక్క రాసేది కర్మాగారమే. అబద్ధం రాయదలచుకున్నవాడిని ఫారం ఒక్కటే ఆపలేదు. ఒకసారి పెద్ద కర్మాగారంగా లెక్కలోకి వస్తే ఎప్పటికీ అలాగే ఉండాలన్న 1995 నాటి విధానాన్ని 2018లో ఒక మెమోతో, 2020లో ఒక నియమంతో వదిలేశారు. ఫలితంగా కాలుష్యం 10 టన్నులకు కొంచెం దిగువకు తెచ్చుకున్న కర్మాగారం ఆ కఠినమైన నివేదిక నుంచే బయటపడవచ్చు. తగ్గించినందుకు ఏదో ఒక మేలు చేయాలన్న ఆలోచనను అర్థం చేసుకోగలను. కానీ ఆ మేలు లెక్క మానేయడం కాకూడదు. తగ్గిందని తెలిసింది లెక్క వల్లే కదా.

మన దగ్గర ఇప్పుడే ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం, 2024 ఏప్రిల్ 1 నుంచి, గాలి చట్టంలోని చాలా ఉల్లంఘనలకు జైలుశిక్ష తీసేసి పది వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. 2025 ఆగస్టులో పర్యావరణ ఆడిట్ నియమాలు వచ్చాయి. రిజిస్టరైన ఆడిటర్లు పరిశ్రమల లెక్కలు చూస్తారు. పది వేలకూ పదిహేను లక్షలకూ మధ్య ఎక్కడ ఆగాలో నిర్ణయించే అధికారికి, ఎంత పదార్థం గాలిలో కలిసిందన్న అంకె కన్నా న్యాయమైన ఆధారం ఏముంటుంది? ఆడిటరైనా ఫారంలో ఉన్నదాన్నే సరిచూస్తాడు. ఫారం అడగని థిన్నర్‌ను ఆయన ఎక్కడ వెతుకుతాడు?

కాబట్టి నా కోరిక చిన్నది. రంగులు వేసే యూనిట్ల ఫారం 5లో ఒక పేజీ చేర్చాలి. ఏడాదిలో కొన్న పెయింటు, థిన్నర్, కడిగే ద్రవం ఎన్ని లీటర్లు, వాటిలో టోలుయీన్, జైలీన్ వంటివి ఎన్ని కిలోలు, ప్రమాదకర వ్యర్థంగా దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న వ్యర్థాల కేంద్రానికి పంపించింది ఎంత, తేడా ఎంత. ఆ తేడా కింద యజమాని సంతకం ఉండాలి, ఆ పేజీ మండలి వెబ్‌సైట్‌లో యూనిట్ పేరుతో కనిపించాలి, సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోనవసరం లేకుండా. కన్సల్టెంటు అవసరం లేదు, యంత్రం కొననవసరం లేదు. బిల్లులు ఎలాగూ జీఎస్టీ కోసం దాస్తున్నారు.

చిన్న షాపులకు ఇది కూడా ఎక్కువేనన్నవారికి ఒక విషయం చెప్పాలి. చిన్నాన్న పనిచేసిన షెడ్డులో గోడకు ఒక నోటుపుస్తకం దారంతో వేలాడేది. ఏ లారీకి ఎన్ని లీటర్ల రంగు, ఎన్ని లీటర్ల థిన్నర్ ఇచ్చారో, తేదీతో సహా, ఓనరు స్వయంగా రాసుకునేవారు. లెక్క మించితే పెయింటరు కూలిలో కోసేవారు. లారీ నంబరు, తేదీ, లీటర్లు, చివర చిన్నాన్న పొట్టి సంతకం. క్యారేజీ విప్పేలోగా నేను ఆ పేజీలు తిరగేస్తూ కూర్చునేవాణ్ణి. వందో లారీ దాకా ప్రతి లీటరూ అందులో ఉండేది.